నల్లరేగడి మీద గుర్రపుసాల: తడి ఎక్కడినుంచి వస్తోందో తేల్చి బాగుచేసిన కేసు

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లే వైపు, నల్లరేగడి నేల మీద కట్టిన ఆరు గుర్రాల సాల ఇది. ఒకే వరుసలో ఆరు గదులు, ఒక్కోటి 12 అడుగులకు 12. ముందు 8 అడుగుల వరండా. పైన జింకు రేకులు, వాలంతా వెనక గోడ వైపే. నేలకు 2 అడుగుల చదరం తాండూరు బండలు. వాటి కింద పలచగా ఇసుక, ఆ కింద కట్టిననాటి నల్లమట్టి.

తెల్లవారి తలుపు తీస్తే కళ్లు మండేంత అమ్మోనియా ఘాటు. సాయంత్రం పరిచిన వరిగడ్డి పొద్దునకల్లా అడుగున నల్లగా, జిగురుగా మారుతోంది. నాలుగు గుర్రాలకు గిట్టల అడుగున ఉండే మెత్తటి త్రికోణం కుళ్లి, నల్లబడి వాసన కొడుతోంది. నాడాలు వేసే నాల్‌బంద్ అది థ్రష్ అని చెప్పి, ఎన్నిసార్లు శుభ్రం చేసినా నేల మారకపోతే తిరగబెడుతుందని హెచ్చరించాడు. వానాకాలంలో మూడు, నాలుగు నంబరు గదుల్లో బండ మీద కాలు వేస్తే సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్ముతున్నాయి.

అప్పటికే నాలుగు పనులు చేసి చూశారు. గది మధ్యలో బండ తొలిచి, జాలీ పెట్టి, 2 అంగుళాల పైపు వేశారు. అది కొన్ని వారాల్లోనే పూడిపోయింది. గడ్డి, లద్దె అడ్డుపడటం ఒక్కటే కాదు, గుర్రం మూత్రం గుణం కూడా దానికి కారణం. అందులో కాల్షియం కార్బనేట్ పలుకులు, జిగురు పదార్థం సహజంగానే ఉంటాయి, అందుకే అది మసకగా కనిపిస్తుంది. సన్నటి పైపులో ఇది తెల్లటి పెచ్చులా పేరుకుంటుంది. పైపు కోసి చూస్తే దారి వేలు పట్టేంత కూడా మిగల్లేదు. రెండో ప్రయత్నం రోజూ గొట్టంతో కడగడం. మూడోది బండల మీద రబ్బరు మ్యాట్లు పరచడం. నాలుగోది తడి ఉన్నచోట సున్నం చల్లడం. ఈ నాలుగూ తడినో ఘాటునో పెంచాయే తప్ప తగ్గించలేదు.

యజమాని అడిగింది బండలన్నీ పీకేసి, కాంక్రీటు పోసి, ప్రతి గదికీ మధ్యలో పెద్ద డ్రైన్ పెట్టమని. అలాగే మొదలుపెట్టి ఉంటే ఖర్చంతా అయ్యాక కూడా మొదటి పెద్దవానకే గదులు తడిసేవి.

లెక్క ముందు, గునపం తర్వాత

450–500 కిలోల గుర్రం రోజుకు సుమారు 10 లీటర్ల మూత్రం పోస్తుంది. మేత, నీళ్లు, ఎండను బట్టి ఇది అటూఇటూ అవుతుంది. ఆరింటికి కలిపి రోజుకు 60 లీటర్లు అనుకుందాం. ఇప్పుడు కప్పు చూద్దాం. చూరుతో కలిపి రేకులు 80 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, అంటే 178 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ రేకుల మీంచి దిగేది 8,900 లీటర్లు. ఆరు గుర్రాలు దాదాపు ఐదు నెలల్లో పోసే మూత్రమంత నీరు ఒక్క గంటలో వెనక గోడ మొదట్లో పడుతోంది. చూరు నీళ్లు పట్టే గట్టర్ లేదు. గోడ వెనక నేల ఏళ్ల తరబడి లద్దె, మట్టి పేరుకుని గదుల నేల కన్నా 4 అంగుళాలు ఎత్తుకు చేరింది, వాలు కూడా గోడ వైపే.

దీన్ని కంటితో చెప్పలేం. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) చాలు. ఒక్కో గదిలో నాలుగు మూలలు, నాలుగు గోడల మధ్యభాగాలు, గది నడుమ కలిపి తొమ్మిది చోట్ల కొలతలు తీసి కాగితం మీద వేయాలి. గోడ వెనక 5, 10, 20 అడుగుల దూరంలోనూ తీయాలి. ఈ సాలలో మూడు, నాలుగు గదుల నడిమి భాగం అంచుల కన్నా అంగుళంన్నర దిగి ఉంది. ఆ రెండు గదులు పళ్లాల్లా నీరు పట్టి ఉంచుతున్నాయి.

కింది నుంచి వచ్చే తడిని, పైనుంచి పడే తడిని వేరుచేయడానికి రెండు పరీక్షలు చేయాలి. గుర్రాన్ని రెండు రోజులు వేరే చోట కట్టి, గది ఊడ్చి, నేల ఆరాక 3 అడుగుల చదరం పాలిథిన్ పట్టా పరచి అంచులు టేపుతో అంటించాలి. 24 గంటల తర్వాత పట్టా అడుగున నీటి బొట్లు ఉంటే ఆ తడి నేలలోంచి వస్తున్నట్టే. ఇక్కడ ఆరు గదుల్లోనూ బొట్లు పట్టాయి, వెనక గోడ దగ్గర ఎక్కువగా. రెండోది గుంట పరీక్ష. గది నడుమ ఒక బండ లేపి 2 అడుగుల గుంట తవ్వి, అడుగు ఎత్తున నీళ్లు పోసి, మర్నాడు చూడాలి. నల్లరేగడిలో పోసిన నీళ్లు చాలావరకు అలాగే ఉన్నాయి. ఎర్ర చెల్క నేల అయితే సాయంత్రానికే ఇంకిపోయేవి. ఏ రకం నేల వేయాలో తేల్చింది ఈ గుంటే.

నీళ్ల తొట్లను ఎవరూ అనుమానించరు గానీ వాటినీ చూడాలి. ప్రతి తొట్టి నింపి, ఫ్లోట్ వాల్వ్ కట్టేసి, సుద్దతో గీత పెట్టి, గుర్రం లేకుండా రాత్రంతా వదలాలి. సెకనుకో చుక్క కారే వాల్వ్ కూడా రోజుకు లీటర్ల కొద్దీ నీరు వదులుతుంది. ఐదో గదిలో తొట్టి పగులు ఇలాగే దొరికింది. ఆ గది ఎప్పుడూ తడిగా ఉండటానికి అందులోని గుర్రం ఎక్కువగా పోస్తోందని అంతా అనుకున్నారు.

సున్నం, మ్యాట్లు ఎందుకు పనిచేయలేదు

మూత్రంలో ఉండేది యూరియా. లద్దెలోని బ్యాక్టీరియా తయారుచేసే యూరియేజ్ ఎంజైమ్ దాన్ని విడగొడితే అమ్మోనియా పుడుతుంది. తడి, వెచ్చదనం, క్షారగుణం పెరిగేకొద్దీ అది వేగంగా గాలిలోకి లేస్తుంది. సున్నం క్షారం. అది చల్లగానే తడిలో కరిగి ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా పైకి లేస్తుంది, కాసేపటికి ఘాటు తగ్గినట్టు అనిపిస్తుంది. అంటే అక్కడ ఉన్నది గుర్రం పీల్చే గాలిలోకి వెళ్లిపోయిందన్నమాట. పైగా తడిసిన సున్నం గిట్ట మెత్తభాగాన్ని కాలుస్తుంది. దాని బదులు జిప్సమ్ పొడి వాడితే అమ్మోనియా అమ్మోనియం సల్ఫేటుగా కట్టుబడి నేలమీదే ఉండిపోతుంది. తడి గడ్డి తీసేసిన చోట రెండు దోసిళ్లు చాలు, దాని మీద కొత్త గడ్డి కప్పాలి.

ఘాటును నిలబడి వాసన చూసి తేల్చకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, నేలకు అడుగు ఎత్తులో ముక్కు పెట్టి చూడాలి. గుర్రం పడుకున్నప్పుడు, కింద వేసిన మేత తిన్నప్పుడు పీల్చేది ఆ గాలే. తడి బండల మీద పరచిన మ్యాట్లయితే మూతలా పనిచేశాయి. సందుల్లోంచి దిగిన మూత్రం కింద నిలిచి ఆరే దారి లేక అక్కడే మురిగింది.

తాండూరు బండ నిజానికి గట్టి రాయి. లోపం దాని కింద ఉంది. నల్లరేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏటా ఒకసారి లేచి ఒకసారి దిగే నేల మీద సిమెంటు సందులు నిలవవు, నాడాల దెబ్బకు ముందే విడిపోతాయి. సందు విడితే మూత్రం కిందికి దిగుతుంది, దాంతో అక్కడి మట్టి ఇంకా ఉబ్బుతుంది. మగ గుర్రం గది నడుమ పోస్తుంది, ఆడ గుర్రం ఎక్కువగా వెనక గోడ వైపు. మూడు, నాలుగు గదుల్లో ఉన్నవి రెండూ మగవే, నడుమ పల్లం పడటానికి అది కూడా తోడైంది.

బయటి పని, మార్చిలో

వరుసలో మొదటిది రేకుల గట్టర్. వెనక చూరు పొడవునా 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు ఉన్న రేకు గట్టర్, 2 అడుగులకో బ్రాకెట్. రెండు చివర్లా, నడుమ కలిపి మూడు చోట్ల 110 ఎంఎం పీవీసీ దింపుడు పైపులు. గట్టర్‌కు రెండేసి పైపుల మధ్యభాగం నుంచి అటూఇటూ ఉన్న పైపుల వైపు 10 అడుగులకు అర అంగుళం వాలు ఇస్తే నీరు నిలవదు. దింపుడు పైపుల నీరు రంధ్రాల్లేని పైపులోనే పొలం గట్టు వరకు వెళ్లాలి. దీన్ని తర్వాత చెప్పబోయే కంకర కాలువలోకి కలపకూడదు. కలిపితే వానకు ఆ కాలువే గోడ కిందికి నీళ్లు ఎక్కిస్తుంది. చాలా చోట్ల జరిగే తప్పు ఇదే.

రెండోది నేల సవరణ. గోడ మొదట్లో 6 అంగుళాలు చెక్కి, అక్కడినుంచి 10 అడుగుల దూరానికి 6 అంగుళాల వాలు బయటికి ఇచ్చి, ఆ చివర వెడల్పాటి పచ్చిక కాలువ తీశారు. చెక్కిన మట్టి మళ్లీ గోడ దగ్గరికి రాకుండా దూరంగా తరలించారు.

మూడోది కంకర కాలువ. నేలలో నెమ్మదిగా ఊరుతూ వచ్చే నీటిని గోడకు చేరకముందే పట్టుకోవడం దీని పని. గోడకు 4 అడుగుల దూరంలో, పునాది కదలకుండా, 80 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తవ్వారు. ఎగువ చివర లోతు రెండున్నర అడుగులు. 100 అడుగులకు అడుగు లెక్కన వాలు ఇస్తే దిగువ చివర లోతు సుమారు 3 అడుగుల 4 అంగుళాలు. లోపల 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) నేయని జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపేది, రెండు వైపులా పైకి మిగిలేలా పరవాలి. అడుగున 4 అంగుళాలు 20 ఎంఎం కంకర, దాని మీద 110 ఎంఎం రంధ్రాల పైపు, రంధ్రాలు కిందికి ఉండాలి. రంధ్రాలు పైకి పెడితే నీరు పైపు నిండా వచ్చేదాకా ఎక్కదు, ఈలోపు కంకర అడుగంతా మడుగవుతుంది. పైపు మీద మళ్లీ కంకర నింపి, నేలకు 6 అంగుళాల కింద ఆపి, గుడ్డ రెండంచులూ ఒకదాని మీద ఒకటి అడుగు మేర మడిచి, పైన మట్టి కప్పి దిమ్మిసతో కొట్టారు. పైన మూత పడితేనే లద్దె నీరు లోపలికి దిగి కంకరను పూడ్చదు. కంకర సుమారు 290 ఘనపుటడుగులు పట్టింది. స్టోన్ క్రషర్ నుంచి వచ్చిన కంకరను కడగకుండా పోయకూడదు. అందులోని రాతిపొడి రెండు వానల్లోనే గుడ్డను మూసేస్తుంది.

ఇక్కడ పని ఆపి, ఒక వాన కోసం ఎదురుచూశారు. ఏప్రిల్లో గాలివానలు రెండుసార్లు పడ్డాయి. ఆ తర్వాత పాలిథిన్ పరీక్ష మళ్లీ చేస్తే ఒకటి, ఆరు గదుల్లో పట్టా అడుగు పొడిగా ఉంది. ఐదులో తొట్టి మార్చాక అక్కడా తగ్గింది. ఒకటి, ఆరు గదుల నేల లెవెల్ కూడా బాగుండటంతో వాటికి మట్టి మార్చాల్సిన అవసరం రాలేదు. బండలు లేపి, అదే అడుగు మీద మొరం పొర వేసి కాంక్రీటు పోస్తే సరిపోయింది. ముందు నేల పగలగొట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

లోపలి నేల, మేలో

గదిలోని నీరు నేలలోకి ఇంకేలా రాతిపొడి, గ్రిడ్లు వేసే పద్ధతి ఒకటుంది. చెల్క నేలలో, ఇసుక నేలలో అది నిజంగా మంచి పద్ధతి, గిట్టలకు హాయిగా ఉంటుంది. గుంట పరీక్షలో నీళ్లు దిగని నల్లరేగడిలో మాత్రం అది గది కింద మూత్రపు తొట్టి కట్టినట్టే. డెల్టా ఊళ్లలో నీరు పైపైనే ఉండే చోట్ల కూడా ఇదే మాట. అక్కడ ముందు మెరక చేసుకోవాలి. ఇక్కడ ఎంచుకున్నది నీరు దిగని కాంక్రీటు, తక్కువ వాలు, దానిపై మ్యాట్లు.

రెండు, మూడు, నాలుగు, ఐదు గదుల్లో రెండేసి చొప్పున పని సాగింది, గుర్రాలను మిగిలిన వాటిలోకి మార్చుతూ. బండలు, ఇసుక తీసి, నల్లమట్టిని 2 అడుగుల లోతుకు తవ్వేశారు. అడుగు మట్టిని తడిపి దిమ్మిస కొట్టి, మొరం 6 అంగుళాల పొరలుగా పోస్తూ, ప్రతి పొరనూ చెమ్మ పెట్టి ప్లేట్ వైబ్రేటర్‌తో అణిచారు. మొరం పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. మేస్త్రీలు తొందరపడి అడుగున్నర మొరం ఒకేసారి పోస్తారు. అప్పుడు పైన గట్టిగా, కింద వదులుగా ఉండి మరుసటి ఏడాదికి దిగబడుతుంది.

మొరం మీద 250 మైక్రాన్ల పాలిథిన్ పట్టా, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి. దాని మీద 8 ఎంఎం చువ్వలు 8 అంగుళాల దూరంలో రెండు వైపులా, కింద కవరింగ్ బ్లాకులు పెట్టి. కాంక్రీటు 5 అంగుళాల మందం, ఎం20 మిశ్రమం. ఒక్కో గదికి 60 ఘనపుటడుగులు, సుమారు 14 బస్తాల సిమెంటు. నీళ్లు ఎక్కువ పోసి పలచన చేస్తే పై పొర పొడిపొడిగా రాలి, మూత్రం పీల్చుకుంటుంది. ఇక్కడ రాజీ పడకూడదు.

వాలు వెనక గోడ నుంచి తలుపు వైపు, 60 అడుగులకు ఒక అడుగు. 12 అడుగుల గదికి రెండున్నర అంగుళాల లోపే. ఎక్కువ వాలు ఇస్తే త్వరగా ఆరుతుందని ఆశ పుడుతుంది గానీ, రోజులో ఎక్కువసేపు నిలబడే జంతువు కీళ్లకు, స్నాయువులకు అది భారం. ముందు అంచు పాత నేల కన్నా 2 అంగుళాలు ఎత్తున ఉంచడంతో వెనక అంచు బయటి నేల కన్నా 6 అంగుళాల పైన నిలిచింది. పైభాగాన్ని చీపురు గీతలతో ముగించారు, గీతలు వాలు దిశలోనే. అడ్డంగా గీస్తే ప్రతి గీతా ఒక చిన్న మడుగవుతుంది. గోడ, నేల కలిసే చోట 2 అంగుళాల గుండ్రటి మూల కట్టి, వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ 4 అడుగుల ఎత్తు వరకు తీసుకెళ్లారు. తడి గోనెసంచులు కప్పి 14 రోజులు తడిపి, 21 రోజుల తర్వాతే గుర్రాన్ని ఎక్కించారు.

గది మధ్యలో డ్రైన్ పెట్టలేదు, పాత రంధ్రాలన్నీ మూసేశారు. బదులుగా వరండాలో, గదుల ముందు గోడ వెంట, 9 అంగుళాల వెడల్పున పళ్లెం ఆకారపు కాలువ. వరుస పొడవు 76 అడుగులు కాబట్టి వాలును నడుమ నుంచి రెండు చివర్లకూ విడదీశారు. 200 అడుగులకు అడుగు వాలుతో, నడుమ లోతు అంగుళంన్నర, చివర్ల సుమారు మూడుముప్పావు. ఒకే వైపుకు తీస్తే చివరి తలుపు దగ్గర లోతు పెరిగి గుర్రం కాలు మెలిపడుతుంది. తక్కువ వాలు గనుక కాలువ లోపల తెల్ల సిమెంటు పాలతో నునుపు చేయాలి. రెండు చివరి గదుల తలుపుల ముందు మాత్రం బరువు మోసే ఇనుప జాలీ వేశారు. కాలువ చివర్లలో తీసి కడగగలిగే జాలీ బుట్ట, ఆపై 2 అడుగుల చదరం, 2 అడుగుల లోతున్న మడ్డి గుంట, అక్కడినుంచి 110 ఎంఎం పైపు ఎరువు గుంటకు. పొడిగా ఉండే లద్దె కుప్పకు ఈ నీరు పనికొస్తుంది. బావి, బోరు, చెరువు వైపు పోనివ్వకూడదు.

మ్యాట్లు 18 ఎంఎం మందం, 6 అడుగులకు 4. గదికి ఆరు సరిగ్గా సరిపోతాయి. అడుగు భాగంలోని గాడులు వాలు వెంట ఉండాలి, గోడకు అర అంగుళం ఖాళీ వదలాలి.

తర్వాత తేలిన లోపాలు

జూన్ మొదటి వానకే నడుమ దింపుడు పైపు వంపు దగ్గర వేపాకు అడ్డుపడి గట్టర్ పొంగింది. మూతికి తీగ బుట్ట, వారానికోసారి తీసి దులపడం, ఈ రెండూ అప్పుడు చేరాయి. రెండో గదిలో మేస్త్రీ తలుపు గడప దగ్గర కాంక్రీటును అర అంగుళం ఎత్తుగా ముగించాడు, వాలంతా సరిగ్గా ఉన్నా మూత్రం గడప లోపలే నిలిచింది. గ్రైండర్‌తో అంగుళంన్నర వెడల్పున నాలుగు గాడులు కోస్తే మూత్రం బయటికి పోయింది. కాంక్రీటు పచ్చిగా ఉండగానే చెంబుడు నీళ్లు వెనక మూలన పోసి ఎటు పోతున్నాయో చూసి ఉంటే అక్కడికక్కడే సరిపోయేది. మిగతా గదులకు ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. ఆరో గదిలో మ్యాట్లను పొద్దున చల్లగా ఉన్నప్పుడు గోడకు ఆనించి బిగుతుగా కోశారు, మధ్యాహ్నం ఎండకు సాగి అంచులు లేచాయి. మళ్లీ కోయాల్సి వచ్చింది.

సైసులు (గుర్రాలను చూసుకునే పనివాళ్లు) వరి ఊకను కాలువలోకే ఊడ్చేయడంతో జాలీ బుట్టలు రెండు రోజులకే నిండాయి. ఊక నీరు తక్కువ పీలుస్తుంది, కాలువలో తేలుతూ పోయి గుట్టపడుతుంది. దాంతో పరుపు పద్ధతి మార్చారు. మూత్రాన్ని పట్టాల్సింది పరుపు, కాలువకు చేరాల్సింది మిగిలిన చెమ్మ మాత్రమే. మూత్రం పోసే చోట కొబ్బరి పొట్టు ఒక పొర, అది తన బరువుకు ఆరేడు రెట్లు నీరు పడుతుంది. దానిపై 3–4 అంగుళాలు రంపపు చెక్క తురుము. వరిగడ్డి తినే అలవాటున్న రెండు గుర్రాలకు కడుపు బిగిసే భయం కూడా ఇలా తప్పింది. తడిసిన చోటును రోజుకు రెండుసార్లు పారతో తీసి బండిలోకే వేయాలి, కాలువలోకి కాదు. గుర్రం బయటికి వెళ్లినప్పుడు ఆ చోటును గంటసేపు ఖాళీగా ఆరనివ్వాలి. రోజువారీ గొట్టంతో కడగడం పూర్తిగా మానేశారు.

మూడు నెలలకోసారి మ్యాట్లు లేపాలి. ఒక్కోటి దాదాపు 48 కిలోలు, ఇద్దరు కావాలి, గదికి గంట పడుతుంది. అడుగున కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పరవాలి. వానాకాలం తర్వాత మొదటిసారి లేపినప్పుడు ఐదు గదుల్లో కాంక్రీటు పొడిగా, గాడులు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో గదిలో వెనక మూలన అరచేయంత తెల్లటి ఉప్పు పొర కనిపించింది. బయట ఆ మూలకు ఎదురుగా కంకర కాలువ మీది మట్టి కుంగి చిన్న పల్లం పడింది. ఆ పల్లాన్ని మొరంతో నింపి దిమ్మిస కొట్టారు, లోపల ఏమీ ముట్టుకోలేదు. రెండు వారాలకు ఆ మూల ఆరింది.